పాదం ఎత్తని ఊరు

బహుళ విదియ

చెబుతున్నది ఓలేటి నూకరత్నం. వయసు యాభై ఒకటి. ఊరు మునకలంక. పని పర్ర నడవడం. ఈ నాలుగు ముక్కలూ రోజూ చెబితేగాని చిట్టాపెట్టె మిగతా మాట వినదు. ఇరవై రెండేళ్ళయింది, ఇప్పటికీ దీనికి నేనెవరో నమ్మకం కుదరలేదు.

మొన్న పున్నమికి కూడా చేప చేతికి రాలేదు. అంతకుముందు పున్నమికీ రాలేదు. ఇంకొకటి పోతే ఏమవుతుందో తీరబోర్డుకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా పెట్టె "వివరంగా చెప్పండి" అంటోంది కాబట్టి చెబుతున్నాను.

మా ఇళ్ళ చుట్టూ ఉన్నది మోకాల్లోతు ఉప్పునీళ్ళ పర్ర. ఒకప్పుడు వరిచేలు. దాంట్లోకి పోటుతో పాటు అద్దంచేపలు మేతకొస్తాయి. ఒళ్ళంతా అద్దం ముక్కలు అతికించినట్టుంటుంది కాబట్టి పక్కనే ఉన్నా ఇసకే కనిపిస్తుంది తప్ప చేప కనిపించదు. బోర్డు వాళ్ళ ఎగిరే కళ్ళకీ కనిపించదు. అందుకని నెలకోసారి, పున్నమి రోజు పొద్దుగూకే లోపు, ఊరి మనిషి ఒకరు ఒక అద్దంచేపని గాలంతో పట్టాలి. బోర్డు ఇచ్చిన తొడుగు చేతికి వేసుకుని దాన్ని ఒక్కసారి నిమిరి, ప్రాణంతో వదిలెయ్యాలి. తొడుగు దాని ఒంట్లోంచి నీళ్ళ మంచీచెడ్డా చదువుకుని కూత పెడుతుంది. కూత వినబడితే పర్ర బతికున్నట్టు. వరసగా మూడు పున్నములు వినబడకపోతే పర్ర చచ్చిందని రాసేసి, ఊరిని ఎత్తి ఎగువ మేడల్లో పెడతారు. మొత్తం నలభై ఒక్క ఇళ్ళు. అక్కడ గోడ మీద సముద్రం కదులుతూ ఉండేలా బొమ్మ వేసి ఇస్తారట. అలల చప్పుడు కూడా వస్తుందట, కావాలంటే ఆపుకోవచ్చట.

మొదట్లో పున్నమి అంటే నాకు ఆటే. పొద్దున్నే పట్టి, నిమిరి, వదిలి, ఇంటికొచ్చి చద్దన్నం తినేదాన్ని. కొన్నేళ్ళకి మధ్యాహ్నం అయ్యేది. పోయిన ఏడాదంతా పొద్దు ఎర్రబడ్డాకే. ఇప్పుడు అసలు లేదు.

లోవరాజు బావ మా అక్క మొగుడు. నేను ఒంటిదోనె తెడ్డేసుకుని ముందు వెళ్తే, ఆయన పెద్దదోనెలో గెడ వేసుకుంటూ వెనక వస్తాడు. వెనకనుంచి సలహాలు ఇస్తాడు. ఈ చిట్టా ఊళ్ళో ఎవరైనా వినొచ్చు, ఆయన మాత్రం రోజూ సాయంత్రం తప్పకుండా వింటాడు. పెట్టెలో పడ్డ మాట చెరపడానికి వీల్లేదు. కాబట్టి బావా, విను, మొన్న ఆ ఒక్క చేపా పోయింది నీ దగ్గు వల్లే.

బహుళ పంచమి

బావ విన్నాడు. దగ్గు కాదట, నా ఈకరొయ్య వల్లట.

ఈకరొయ్య అంటే గాలానికి కట్టే దొంగమేత. కొంగ ఈక, కాస్త ఎర్రదారం, రెండు పూసలు. నీళ్ళల్లో పడితే రొయ్య గెంతినట్టే గెంతుతుంది. ఇరవై రెండేళ్ళుగా నేనే కట్టుకుంటున్నాను. "అది రొయ్యలా లేదే, మీ అక్క జడగంటల్లా ఉంది" అన్నాడు బావ. అక్క లోపల్నుంచి "నాకు జడగంటలు ఎప్పుడు కొన్నావు?" అంది. ఆయన వెంటనే దోనెలో నీళ్ళు తోడటానికి వెళ్ళిపోయాడు.

ఇవాళ ఆటుకి నీళ్ళు బాగా తీసేశాక పర్ర అంతా తిరిగాను. రైసుమిల్లు దగ్గర, పంచాయతీ రోడ్డు మీద, బస్టాండు ఒడ్డున. అవన్నీ ఇప్పుడు నీళ్ళ కిందే, పేర్లు మాత్రం మేం వదల్లేదు. బస్టాండు అంటే ఇప్పుడు రెండు నిలువుల లోతు కాలవ. ఎక్కడ చూసినా ఇసకలో చిన్నచిన్న గుంటలు, చేప మూతి పెట్టి పీతల కోసం కెలికినవి. అన్నీ కొత్తవే, అంచులు ఇంకా జారలేదు. రొయ్య బోలెడు, పీత బోలెడు, నీళ్ళు శుభ్రం. అంటే చేప వస్తోంది, తింటోంది, వెళ్తోంది. నేను వెళ్ళినప్పుడే లేదు.

ఊళ్ళో అందరూ తలో మాటా అంటున్నారు. రత్నానికి చూపు తగ్గిందని ఒకరు. చెయ్యి బరువెక్కిందని ఒకరు. ఎదురుగా ఎవరూ అనరు, పెట్టెలో చెప్పేస్తానని తెలుసు కదా. నాకు మాత్రం అన్నం సరిగ్గా పోవడం లేదు. పర్ర చేపని చంపకూడదని బోర్డు మాట కాబట్టి తినేదే తొట్టిలో పెంచిన చేపముద్ద. "ముల్లు లేని పులుసు పులుసా" అని అక్క ఇరవై రెండేళ్ళుగా గొణుగుతూనే ఉంది. ఇప్పుడు అదీ మింగుడు పడటం లేదు.

అమావాస్య

బోర్డు మనిషి దిగింది. మూడో పున్నమి దగ్గరుండి చూడటానికి.

పేరు ఓబులమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి. ఎక్కడో సీమలో, నీళ్ళే లేని పక్కనుంచి వచ్చింది. ఇన్ని నీళ్ళు ఒక్కచోట చూడటం ఆవిడకి ఇదే మొదలు. దోనె దిగి పడవల రేవు మీద నిలబడి, ఒక వేలు ముంచి నోట్లో పెట్టుకుని, "ఇంత ఉప్పగా ఉండాయే అక్కా" అంది. ఏమనాలో తెలియక "ఆయ్, ఎప్పట్నుంచో అంతేనండి" అన్నాడు బావ.

చేతిలో ముద్ర ఉన్న కాగితం ఉంది. నేను చదవలేదు. అందులో ఏముందో నాకు తెలుసు.

శుద్ధ తదియ

ఇవాళ ఊరంతా నవ్వుకుంది. చాలా రోజులైంది ఇలా నవ్వుకుని, అందుకే వివరంగా చెబుతున్నాను.

మునకలంకలో ఎవరూ పాదం ఎత్తరు. పర్రలో టేకుచేపలు ఉంటాయి. ఇసక కప్పుకుని పళ్ళెంలా చదునుగా పడుకుంటుంది టేకు. పాదం ఇసకలోనే ఈడ్చుకుంటూ వెళ్తే, తగిలి, విసుక్కుని, లేచి పోతుంది. పాదం ఎత్తి దాని వీపు మీద పెట్టామా, తోకముల్లు దించేస్తుంది. అందుకని ఇక్కడ పిల్లలకి నడక నేర్పేటప్పుడే "ఎత్తకు, ఈడ్చు" అంటారు. ఇళ్ళల్లోనూ అంతే. పీపాల మీద తేలే ఇళ్ళు, చెక్కనేల, అయినా ఈడుస్తాం. పెళ్ళిలో ఏడడుగులూ ఈడుస్తూనే వేస్తారు. మా జోళ్ళకి ముందువైపే చిల్లులు పడతాయి. ఎగువన ఎక్కడైనా మేం నలుగురం నడిస్తే ఎవరో చీపురు పట్టారనుకుని తిరిగి చూస్తారు.

ఓబులమ్మని పర్రలోకి దించాం. దించేముందు బావ పావుగంట చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, బుద్ధిగా తలూపి, నీళ్ళల్లో దిగి, మోకాలు పొట్ట దాకా ఎత్తి అడుగు వేసింది. ఆగి, కిందకి చూసి, మెల్లగా పెట్టింది. మళ్ళీ రెండోది ఎత్తింది. రేవు మీద నిలబడ్డవాళ్ళందరూ ఒక్కసారే గొల్లున నవ్వారు. "కొంగమ్మగారు" అని అప్పటికప్పుడు పేరు పెట్టేశారు.

బావ మాత్రం నవ్వలేదు. "దించండమ్మా కాలు, ఈడ్వండి, ఈడ్వండి" అని కేకలు పెడుతూనే ఉన్నాడు. ఆయన కుడి మడమ సగం లేదు. పదకొండేళ్ళ కిందట టేకుముల్లు దిగింది, పుండు మానక కోసేశారు. అప్పట్నుంచి నీళ్ళల్లో కాలు పెట్టలేదు.

"ఏం చేయాల అన్నా," అంది ఓబులమ్మ, "మా పక్క యాడ చూసినా పల్లేరుకాయలే. కాలు ఎత్తి, చూసి, పెట్టాల. లేకుంటే పాదమంతా ముండ్లే. మా అవ్వ అట్లే నేర్పిచ్చింది. ఈడ్చమంటే కాలు నా మాట వినడంలేదు."

దోనె పక్కనే ఉండమని, పది గజాలు దాటొద్దని చెప్పి వదిలేశాం.

శుద్ధ సప్తమి

ఇవాళ చూసింది చెబితే బావ నమ్మలేదు. పెట్టె నమ్ముతుందో లేదో.

పంచాయతీ రోడ్డు పక్కన నేను గాలంకర్ర పట్టుకుని పోటుతో పాటు నడుస్తున్నాను. రెండు గంటలు నడిచాను. ఏమీ లేదు, నీడ కూడా లేదు. కాళ్ళు లాగేసి ఆగి, కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, అల్లంత దూరంలో ఓబులమ్మ పెద్దదోనె దగ్గర నీళ్ళల్లో నిలబడి జంతిక తింటోంది. ఆవిడకి పదిహేను అడుగుల అవతల నీళ్ళపైన తోకలు.

చేప తల కిందకి పెట్టి ఇసక కెలికేటప్పుడు తోక కొస పైకి లేస్తుంది. వెండి ఆకులా ఊగుతుంది. నాలుగు తోకలు. ఆరు నెలలైంది నేను ఒక్కసారి నాలుగు తోకలు చూసి. ఓబులమ్మ వాటిని చూడనే లేదు. జంతిక అయిపోయాక, కాలు ఎత్తి, పెట్టి, ఎత్తి, పెట్టి, ఇటు నాలుగడుగులు వచ్చింది. తోకలు అక్కడే ఉన్నాయి. తింటూనే ఉన్నాయి.

నేను అటు ఒక్క అడుగు ఈడ్చాను. నలభై గజాలుంటాను. నాలుగూ ఒకేసారి మాయమయ్యాయి.

నాకు మొదట కోపం వచ్చింది. పొద్దున్నించీ ఎండలో నడిచింది నేను, అవి వెళ్ళి సరదాగా కూర్చున్నది ఆవిడ దగ్గర. కోపం తగ్గాక భయం వేసింది.

శుద్ధ నవమి

రెండు రోజులు ఒకే పని చేశాం, నేనూ ఓబులమ్మా. తోకలు కనబడగానే ఆవిడని పది అడుగులు నడవమన్నాను. తోకలు కదల్లేదు. నేను పది అడుగులు నడిచాను, లేచిపోయాయి. ఆవిడ నిలబడి నేను నడిచాను, లేచిపోయాయి. నేను నిలబడి ఆవిడ నడిచింది, ఉన్నాయి. పదహారుసార్లు చూశాం. పదహారుసార్లూ ఒకటే.

ఇంక అనుమానం లేదు. అవి భయపడుతున్నది మనిషిని చూసి కాదు, మా ఈడుపుని విని. ఇసకలో పాదం గీసుకునే ఆ చప్పుడు విని.

ఎందుకు వినవు. ఇరవై రెండేళ్ళుగా ఈ పర్రలో ఏ చేపనీ చంపలేదు మేము. పున్నమికి నేను పట్టేది ఒకటే, మిగతా రోజుల్లో ఊరంతా సరదాకి పట్టి వదిలేది ఎన్నో. పట్టిన ప్రతి చేపా బతికి వెళ్ళింది. ఈడుపు వినబడుతుంది, తర్వాత మూతికి గాలం గుచ్చుకుంటుంది. వాటికి మాత్రం బుద్ధి ఉండదా? పర్రకి మేం పంతుళ్ళలా ఇరవై రెండేళ్ళు ఒకటే పాఠం చెప్పాం, అవి నేర్చేసుకున్నాయి.

నిలబడి కదలకుండా చూస్తే సరిపోదా అని ఓబులమ్మ అడిగింది. అది నెల కిందటే చేశాను. దోనె దిగి నాలుగడుగులు వెయ్యాలి కదా, ఆ నాలుగుకే వెళ్ళిపోతాయి, మళ్ళీ గాలం అందే దగ్గరికి రావు. దోనెలో లేచి నిలబడి విసిరితే ఆ ఊగే నీడకే పారిపోతాయి. వల వేస్తే చేప ఒళ్ళు గీరుకుంటుంది, తొడుగు ఒప్పుకోదు.

"పోనీ నువ్వు పట్టకూడదా?" అని ఆవిణ్ణి అడిగాను.

"నేను చూడ్డానికే వచ్చినా అక్కా. పట్టేది ఊరి మనిషే. రూలు అట్లుండాది," అంది. మళ్ళీ "మార్చేది నా చేతిలో లేదు, ఉంటే మార్చుదును," అంది. ఆ పిల్ల మొహం చూస్తే నిజమే అనిపించింది.

అంటే పాదం ఎత్తాల్సింది నేనే.

శుద్ధ ఏకాదశి

పాదం ఎత్తడం నేర్చుకుంటున్నాను. యాభై ఒకటో ఏట నడక.

రేవు చెక్కల మీద మొదలుపెట్టాం. ఓబులమ్మ పక్కన నిలబడి "ఎత్తాల, చూడాల, పెట్టాల" అంటుంది. నేను ఎత్తుతాను. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఆగిపోతుంది, నేను పక్కకి ఒరిగిపోతాను. పొద్దున్న రెండుసార్లు నీళ్ళల్లో పడ్డాను. మొన్న కొంగమ్మని చూసి నవ్విన ఊరు ఇవాళ కుర్చీలు వేసుకుని కూర్చుంది. అక్క ఇంట్లోంచి వేరుశెనక్కాయలు తెచ్చి పంచింది, నా సొంత అక్క.

మధ్యాహ్నానికి వరసగా ఇరవై అడుగులు వచ్చాయి. సాయంత్రం రేవు ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చాను. ఎవరూ నవ్వలేదు. అందరికీ గుర్తొచ్చినట్టుంది, ఇది చెక్కనేల అని, అవతలున్నది టేకులుండే ఇసక అని.

బావ ఇవాళ రేవు మీదకి రాలేదు.

శుద్ధ త్రయోదశి

బావ ఎందుకు రాలేదో తెలిసింది. నేను వెళ్ళేసరికి నా ఒంటిదోనెని రేవు చెక్కల మీదకి లాగేసి బోర్లించి, దాని మీద కూర్చుని ఉన్నాడు.

"పాదం ఎత్తి పర్రలో దిగుతావా?"

"దిగుతాను."

"దిగవు," అన్నాడు. "ఊరు పోతే పోనీ. మేడలో ఉందాం. గోడమీద బొమ్మ చూసుకుందాం. నాకు బాగానే ఉంటుంది."

"నీకు నీళ్ళ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు బావా."

"అక్కడ చప్పుడు కూడా పెడతారన్నావుగా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. మా బావ నాతో పోట్లాడతాడు, వెక్కిరిస్తాడు, నేను కట్టిన ఈకరొయ్యకి పేర్లు పెడతాడు, పెళ్ళి చేసుకోకుండా పర్రతో కాపురం పెట్టావంటాడు. భయపడటం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ చూశాను. దోనె అంచు రెండు చేతులా పట్టుకుని లేవనంటున్నాడు. నేను వచ్చేశాను.

శుద్ధ చతుర్దశి

ఈ మాట మొహం మీద చెప్పలేను. అందుకే పెట్టెకి చెబుతున్నాను. బావా, సాయంత్రం నువ్వు వింటావు.

పదకొండేళ్ళ కిందట ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. రైసుమిల్లు దగ్గర తోకలు కనబడితే నేను దోనె దిగి పరిగెత్తినంత పని చేశాను. దోనె కొట్టుకుపోయింది, బస్టాండు లోతు వైపు. పక్కనే నీళ్ళల్లో ఉన్న నువ్వు చూశావు. ఈడ్చుకుంటూ వెళ్తే అందదని పాదాలు ఎత్తి పరిగెత్తావు. దోనె అందింది. మడమ పోయింది.

అప్పట్నుంచి నువ్వు రోజూ అడుగుతావు, "దోనె కట్టావా మహారాణీ?" అని. నేను రోజూ చెబుతాను, ఆ రోజు కొబ్బరిమోడుకి కట్టాను, ముడి ఊడింది అని. ముడి ఎలా ఊడిందో కూడా రకరకాలుగా చెప్పాను. తాడు పాతదన్నాను. పీత కొరికిందన్నాను.

బావా, నేను కట్టలేదు. తోకలు చూసి ఒళ్ళు మర్చిపోయాను. నీ మడమ నా వల్లే పోయింది. పదకొండేళ్ళుగా నీతో పోట్లాడుతున్నదంతా ఈ మాట చెప్పాల్సి వస్తుందనే భయంతోనే.

రేపు నేను పాదం ఎత్తుతాను. ఊరి కోసమే, అందులో అబద్ధం లేదు. కానీ ఇప్పుడు భయపడి ఆగిపోతే ఆ రోజు నువ్వు పరిగెత్తిందంతా వృథా అనిపిస్తుంది. దోనె మీద నుంచి లే.

పున్నమి

ముందునుంచీ చెబుతాను, పెట్టె మధ్యలో అడ్డు రాకుండా ఉంటే.

పొద్దున్న రేవుకి వెళ్ళేసరికి దోనె నీళ్ళల్లో ఉంది. శుభ్రంగా కడిగి ఉంది. బావ పెద్దదోనెలో గెడ పట్టుకుని కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు:

"ముడి ఊడితే తాడు నీళ్ళల్లో వేలాడాలి గదే. నేను దోనె పట్టుకునేసరికి తాడు దాంట్లో చుట్ట చుట్టే ఉంది. పొడిగా ఉంది. నాకు ఆ రోజే తెలుసు."

"మరి పదకొండేళ్ళూ ఎందుకు అడిగావు?"

"నువ్వు ఎన్ని రకాలుగా చెబుతావో విందామని. పీత కొరికిందన్నది బాగుంది." గెడ నీళ్ళల్లో దించాడు. "ఇవాళ నేను మాట్లాడను. దగ్గను కూడా దగ్గను. వెళ్ళు."

నేను ఏడ్చాను. ఓబులమ్మ ఉంది పక్కన, అయినా ఏడ్చాను.

మూడింటికి నీళ్ళు బాగా తీసేశాయి. నాలుగు దాటాక పోటు మొదలైంది. రైసుమిల్లు అవతల ఒంటిదోనె ఆపి, తాడు మోడుకి కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాను. వెనక వంద గజాల్లో పెద్దదోనె, అందులో బావా ఓబులమ్మా. తొడుగు వేసుకున్నాను. గాలంకర్ర తీసుకున్నాను. దిగాను.

మొదటి అడుగు ఎత్తాను. నీళ్ళల్లో ఎత్తిన పాదానికి కింద ఏముందో తెలియదు. ఈడుస్తున్నప్పుడు ఇసక చెబుతూ ఉంటుంది, ఇక్కడ గుల్ల, ఇక్కడ పీత, ఇక్కడ ఖాళీ అని. ఎత్తితే ఏమీ చెప్పదు. పాదం పెట్టే ప్రతిసారీ మడమ దానంతటదే బిగుసుకుపోయింది. ఎత్తాల, చూడాల, పెట్టాల. పన్నెండు అడుగులకి ఒళ్ళంతా చెమట.

నలభయ్యో అడుగులో టేకుని చూశాను. ఇసకలో రెండు కళ్ళు, చుట్టూ చిన్న అంచు. పెట్టబోయిన పాదానికి జానెడు దూరం. కాలు గాల్లోనే ఆపేశాను. అది కదల్లేదు, నేను కదల్లేదు. ఒంటికాలి మీద ఎంతసేపున్నానో తెలియదు. రేవు మీద నేర్చుకున్నప్పుడు పడిపోయినట్టు ఇప్పుడు పడితే అంతే సంగతి. మెల్లగా పాదాన్ని పక్కకి తిప్పి, మూరెడు అవతల పెట్టాను. వెనకనుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. మా బావ నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు.

అక్కణ్ణుంచి ఇంకో ముప్పై అడుగులు. అప్పుడు కనబడ్డాయి. ఆరు తోకలు, ఎండ ఏటవాలుగా పడి మెరుస్తున్నాయి. నేను వాటికి పాతిక అడుగుల్లో ఉన్నాను. ఏళ్ళయింది ఇంత దగ్గరికి వచ్చి. వాటి పెదాల చప్పుడు కూడా వినబడుతోంది.

విసిరాను. ఈకరొయ్య మూడో తోకకి రెండు మూరల అవతల పడింది. ఒకసారి లాగాను, ఆపాను. తోక కిందకి దిగింది. నీళ్ళల్లో ఒక నీడ ఇటు తిరిగింది. గాలానికి కట్టిన తంగూసు బిగిసింది.

అద్దంచేప పరుగు చూడనివాళ్ళకి చెబితే అర్థం కాదు. రీలు గిరగిరా తిరిగి వేలు కాలింది. బస్టాండు వైపు వెళ్ళిపోయింది, ఎనభై గజాలు. లోతులోకి దిగితే మోడులకి తంగూసు చుట్టేస్తుంది. నేను వెనకాల పరిగెత్తకూడదు, పరిగెత్తితే బావ సంగతే నాదీ అవుతుంది. నిలబడ్డచోటే నిలబడి కర్ర ఎత్తి పట్టుకున్నాను. కాలవ అంచులో ఆగింది. మళ్ళీ లాగింది. మళ్ళీ ఆగింది. అప్పటికి పొద్దు ఎర్రబడింది. మెల్లమెల్లగా, ఏడిపించి ఏడిపించి, దగ్గరికి వచ్చింది.

తొడుగుతో దాని పొట్ట కింద చెయ్యి పెట్టి నిమిరాను. చల్లగా, గట్టిగా ఉంది. కూత వచ్చింది.

తొడుగు ఎప్పుడూ చేప పాత సంగతులు కూడా చదివి చెబుతుంది, ఏ చెయ్యి దాన్ని ఎప్పుడు తాకిందో. ఇవాళ చదివింది: ఈ చేప వయసు పంతొమ్మిదేళ్ళు. ఇంతకుముందు ఇరవై ఏడుసార్లు తాకారు. అందులో పదకొండుసార్లు ఓలేటి నూకరత్నం. దీని బతుకంతా నా చేతుల్లోనే గడిచింది. నా అడుగు గుర్తుపట్టకేం చేస్తుంది.

"ఏమనుకోకే తల్లీ," అని చెప్పి వదిలేశాను. కాసేపు నా అరచేతిలోనే ఆగి, ఊపిరి పుంజుకుని, వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోవాలి. కానీ వెనక్కి తిరిగి వద్దామంటే నా కాళ్ళు కదల్లేదు. ఎత్తడానికీ రాలేదు, ఈడ్చడానికీ రాలేదు. ఇంతసేపూ ఆపిన భయమంతా ఇప్పుడు వచ్చింది. పొద్దు మునుగుతోంది, పోటు తొడల దాకా వస్తోంది, నేను పర్ర మధ్యలో నిలబడిపోయాను. ఆ టేకు ఎక్కడుందో తెలియదు.

వెనక నీళ్ళు కదిలిన చప్పుడు. చూస్తే పెద్దదోనెలో ఓబులమ్మ ఒక్కతే గెడ పట్టుకుని తికమకపడుతోంది. బావ నీళ్ళల్లో ఉన్నాడు. పదకొండేళ్ళ తర్వాత. మొహం పాలిపోయి ఉంది. కుడికాలు సరిగా ఆనదు, అయినా రెండు పాదాలూ ఇసకలోనే ఉంచి, గట్టిగా ఈడ్చుకుంటూ, నీళ్ళు చిమ్ముకుంటూ వస్తున్నాడు. ఆ టేకు విసుక్కుని లేచి బురద రేపుకుంటూ పోవడం నేను చూశాను.

వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "పద," అన్నాడు, "మీ అక్క వేరుశెనక్కాయలు వేయిస్తానంది."

ఇద్దరం కలిసి ఈడ్చాం. నాలుగడుగులు ఈడ్చామో లేదో, చుట్టూ పర్ర అంతా ఒక్కసారి లేచింది. కుడివైపు ఒక గుంపు, ఎడమవైపు ఇంకొకటి, ముందు, వెనక, రోడ్డు మీద, రైసుమిల్లు చుట్టూ. ఇంతసేపూ చడీచప్పుడూ లేకుండా మా మధ్యే మేస్తున్న చేపలు, పదకొండేళ్ళుగా వినని బావ కుంటి ఈడుపుకి బెదరనివి, నా ఈడుపు వినగానే నీళ్ళు చీల్చుకుంటూ లోతుకి పరుగు తీస్తున్నాయి. ఎర్రటి ఎండలో వీపులు, తోకలు, అలలు. దోనె మీద ఓబులమ్మ లేచి నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

బావ ఆగిపోయాడు. "ఇన్నీ ఇక్కడే ఉన్నాయా?"

"ఇక్కడే ఉన్నాయి బావా."

ఎన్ని చేపలు చూశారు అని పెట్టె అడుగుతోంది. ఓబులమ్మ నూట నలభై దాకా లెక్కపెట్టి, కళ్ళు తుడుచుకుని మానేసింది. అదే రాసుకోమన్నాను. నన్ను చూసి ఇంతమంది పారిపోతుంటే నేను ఇంత సంతోషపడటం మాత్రం ఇదే మొదలు. బావ నా చెయ్యి వదల్లేదు. ఇద్దరం ఇంకాస్త గట్టిగా ఈడ్చుకుంటూ ఇంటికొచ్చాం.